మన ఒంటికి కుదిరే సైకిలు

రవిక కుట్టించుకునేటప్పుడు ఏం చేస్తాం? దర్జీకి ఆది రవిక ఇస్తాం. చంక దగ్గర పట్టేస్తే విప్పి మళ్ళీ కుట్టమంటాం. సైకిలు దగ్గర మాత్రం అలా అడగం. ఎలా ఉన్నదాన్ని అలాగే తొక్కేస్తాం. నడుం నొప్పి పుడితే ఓర్చుకుంటాం. మోకాళ్ళు లాగితే వయసు మీద పడిందనుకుంటాం. చివరికి సైకిలు గోడకి చేరుతుంది. మనం మళ్ళీ కాలినడకన పడతాం.

సైకిలుకి కూడా కొలతలున్నాయి. వాటిని మన ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. దానికి కొత్త సైకిలు అక్కర్లేదు. పాతదైనా చాలు. చాలా ఇళ్ళలో వాడని సైకిలు ఒకటి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. అలాంటి సైకిలు మీ ఇంటి పంచలో ఉంటే దుమ్ము దులపండి.

పాలు పోసే ఒక అక్క సంగతి చెబుతాను. పాల కేంద్రం వాళ్ళ ఊరికి మూడు కిలోమీటర్లు. నడిచి వెళితే ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే పాలు తీసుకోరు. ఆ పూట డబ్బు పోయినట్టే. అందుకని సైకిలు నేర్చుకుంది. రెండు నెలలు తొక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ఇక తొక్కలేక క్యాను కట్టిన సైకిలుని తోసుకుంటూ వెళ్ళేది. ఒకరోజు సైకిలు షాపు పెద్దాయన చూశాడు.

"ఏమ్మా, సైకిలు నిన్ను మొయ్యాలి గానీ, నువ్వు సైకిలుని మోస్తున్నావేంటి?" అన్నాడు.

"ఏం చెయ్యను బాబాయ్! మోకాళ్ళు రావడం లేదు. ఆడవాళ్ళకి సైకిలు పడదంట గదా."

"ఎవరన్నారు? ఎక్కి కూర్చో, చూద్దాం."

ఆమె గోడ పట్టుకుని కూర్చుంది. తొక్కుతుంటే మోకాళ్ళు పొట్ట దాకా వస్తున్నాయి. పెద్దాయనకి సంగతి తెలిసిపోయింది. నేర్చుకునే రోజుల్లో పడిపోతానని భయపడి ఆమె సీటు బాగా దించింది. రెండు కాళ్ళూ నేలకి ఆనేట్టు పెట్టించుకుంది. అది మంచిదే. కానీ నేర్చుకున్నాక ఎవరూ ఆ సీటు పైకి లేపలేదు. పెద్దాయన పానా తీసి నట్టు వదులు చేశాడు. సీటు రెండంగుళాలు లేపి బిగించాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

మోకాళ్ళ నొప్పికి సీటు మరీ కిందికి ఉండటం ఒక కారణం. సీటు కిందికి ఉంటే కాలు చాపడానికి వీలుండదు. మోకాలు బాగా వంగి ఉండగానే బలమంతా దాని మీద పడుతుంది. గొంతుక్కూర్చుని బరువు లేపినట్టు ఉంటుంది. సీటు సరిచేశాక కూడా నొప్పి తగ్గకపోతే, వాపు ఉంటే, డాక్టరుకి చూపించుకోవాలి. అది పానాతో తగ్గే జబ్బు కాదు.

సీటు ఎత్తు ఎలా చూసుకోవాలి? రోజూ వేసుకునే చెప్పులే వేసుకోండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. ఒక పెడలు బాగా కిందికి తిప్పండి. మడమ దాని మీద పెట్టండి. అప్పుడు కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. తొక్కేటప్పుడు మడమతో తొక్కం కదా! పాదం ముందు భాగంతో తొక్కుతాం. అప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. అంతే కావాలి. తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎక్కువ లేచిందని గుర్తు.

ఒక్కసారే లేపితే భయం వేస్తుంది. వారానికి అర అంగుళం చొప్పున లేపండి. ఆగేటప్పుడు సీటు మీద నుంచే కాలు ఆనించాలని చూడకండి. బ్రేకు వేసి, సీటు ముందుకు దిగి నిలబడండి. ఇది రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఇంకో సంగతి. సీటు కింది కమ్మీ కనీసం నాలుగు వేళ్ళ మేర గొట్టం లోపల ఉండాలి. అంతకన్నా పైకి లాగితే విరగవచ్చు. అది చాలకపోతే పొడుగు కమ్మీ కొనుక్కోవాలి.

సీటు సమంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే ఒత్తుకుని మంట పుడుతుంది. సిగ్గుపడి ఈ బాధ ఎవరికీ చెప్పుకోం. ముక్కు కిందికి వంగితే ముందుకి జారిపోతాం. బరువంతా అరచేతుల మీద పడుతుంది. మన కటి ఎముకలు మగవాళ్ళకన్నా కొంచెం ఎడంగా ఉంటాయి. అందుకని వెనక వెడల్పుగా, ముందు పొట్టిగా ఉన్న సీటు మనకి హాయి. కింద స్ప్రింగులుంటే గతుకుల రోడ్డు మీద నడుం అదరదు. మెత్తగా ఉంటుందని మందపాటి స్పాంజి కడతారు కొందరు. నాకైతే అది నచ్చదు. కూర్చోగానే స్పాంజి అణిగిపోయి నడిమిభాగం పైకి పొడుస్తుంది. గట్టి సీటు మీద పలచని గుడ్డ తొడుగు చాలు.

ఇక హ్యాండిలు. ముందుకి బాగా వంగి తొక్కితే నడుం, మెడ నొప్పి. అరచేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిలు సీటుకన్నా రెండు మూడు వేళ్ళు ఎత్తుగా ఉంటే మనిషి నిటారుగా కూర్చోవచ్చు. దాని కొసలు మనవైపు వంగి ఉంటే ఇంకా మంచిది. మోచేతులు కొంచెం మడిచి, కుర్చీలో కూర్చున్నట్టు తొక్కవచ్చు. పాత హ్యాండిలు అలా లేకపోతే, వంపు తిరిగిన పాతది షాపులో అడగండి. అయితే నిటారుగా కూర్చుంటే బరువంతా సీటు మీదే పడుతుంది. స్ప్రింగు సీటు అప్పుడే అక్కరకొస్తుంది. ఎదురుగాలిలో మాత్రం కాస్త వంగక తప్పదు.

హ్యాండిలు పైకి లేపడం షాపులోనే చేయించండి. కడ్డీ బ్రేకులున్న సైకిలైతే, హ్యాండిలు లేపగానే బ్రేకు కడ్డీలు కూడా సరిచేయాలి. చేయకపోతే బ్రేకు పడదు. అక్కడే నిలబడి రెండు బ్రేకులూ పట్టి చూసుకోండి. సిగ్గుపడి వచ్చేయకండి. హ్యాండిలు కమ్మీకి కూడా నాలుగు వేళ్ళ లెక్కే.

చీర సంగతి ముఖ్యం. కుచ్చెళ్ళు గొలుసులో పడతాయి. పైట, చున్నీ వెనక చక్రంలో చుట్టుకుంటాయి. చుట్టుకుంటే మనిషి పడిపోతుంది. మెడకి బిగిస్తే ప్రాణానికే ముప్పు. గొలుసుని పూర్తిగా మూసే కవరు వేయించండి. వెనక చక్రానికి రెండు వైపులా జాలీ కట్టించండి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు వీటికే పెట్టండి. మంచి సీటు తర్వాత కొనుక్కోవచ్చు. పైట నడుం దగ్గర దోపుకోండి. పిల్లల్ని వెనక కూర్చోబెడితే జాలీ ఇంకా అవసరం. పాదం పుల్లల మధ్య పడితే నలిగిపోతుంది. పిల్లల కాళ్ళు పెట్టుకోవడానికి రెండు వైపులా మెట్లు బిగించండి.

మగవాళ్ళ సైకిలు పనికిరాదా అని అడుగుతారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం 1991లో జరిగింది. చదువుతో పాటు వేలాది ఆడవాళ్ళు సైకిలు కూడా నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ వాళ్ళని ప్రోత్సహించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. కొందరికైతే అవే నచ్చాయి. మధ్య కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని అన్నారు. చీరతో ఆ కడ్డీ దాటడం మాత్రం కష్టమే. రోజుకి పదిసార్లు ఎక్కి దిగే పనైతే కడ్డీ కిందికి వంగిన సైకిలే మేలు.

బరువు మోసేవాళ్ళకి ఒక లెక్క. ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. సుద్దముక్కతో గుర్తు పెట్టి మీ సైకిలువి లెక్కపెట్టండి.

44ని 18తో భాగిస్తే సుమారు 2.44.

అంటే పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు పోతుంది. కనుక పెడలు ఒక చుట్టుకి సైకిలు 5 మీటర్లకి పైగా పోతుంది.

ఇప్పుడు వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేయిస్తే?

44ని 22తో భాగిస్తే 2.

సైకిలు 4 మీటర్ల 40 సెంటీమీటర్లు పోతుంది. దాదాపు మీటరు తగ్గింది. అందుకే కాలికి బరువు తగ్గుతుంది. ఎత్తు రోడ్డు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. వేగం కొంచెం తగ్గుతుంది. పాల క్యాను, బియ్యం మూట మోసేవాళ్ళకి వేగంతో పనేముంది? ఫ్రీవీలు మారిస్తే గొలుసు పొడుగు చేయాల్సి రావచ్చు. దాని ఖర్చు కూడా ముందే అడగండి.

బరువు హ్యాండిలుకి తగిలించకండి. హ్యాండిలు ఊగుతుంది. వెనక క్యారియరుకి రెండు పక్కలా కిందికి, సమానంగా కట్టండి. ఒక పక్కే కడితే సైకిలు అటే లాగుతుంది. బరువున్న రోజు గాలి గట్టిగా కొట్టించండి. బొటనవేలితో నొక్కితే టైరు గట్టిగా తగలాలి. గాలి తక్కువుంటే తొక్కడం బరువు. ట్యూబు కూడా పాడవుతుంది.

షాపుకి వెళ్ళేముందు చేయించాల్సిన పనులు కాగితం మీద రాసుకోండి. ఒక్కో పనికి ఎంతో అడిగి పక్కన వేయండి. కింద కూడండి. చేతిలో డబ్బు చాలకపోతే జాలీ, గొలుసు కవరు, బ్రేకు రబ్బర్లు ఉంచి మిగతావి వచ్చే నెలకి కొట్టేయండి. సీటు ఎత్తు సరిచేయడానికి ఎలాగూ పెద్ద ఖర్చు లేదు.

కొత్తగా బిగించిన నట్లు వారం తొక్కాక వదులవుతాయి. ఎనిమిదో రోజు సీటు నట్టు, హ్యాండిలు నట్టు, రెండు చక్రాల నట్లు మళ్ళీ బిగించుకోండి.