మనవాళ్లు ఎవరు?

ఏలూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. సైన్యం న్యాయ విభాగానికి ఎంపికయ్యావనీ, శిక్షణకు చెన్నై వెళ్లబోతున్నావనీ చదివి వినిపిస్తే మీ అత్తయ్య వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నా మనసు మాత్రం నువ్వు చివర రాసిన మాటల దగ్గరే ఆగిపోయింది. "నాన్నగారు చాలా సంతోషించారు మామయ్యా. రాత్రి అన్నం తింటూ మాత్రం, రేపు మనవాళ్ల మీదే కేసు నడపమంటే నడుపుతావా అని అడిగారు. నాకు జవాబు తోచలేదు" అన్నావు.

తోచకపోవడంలో తప్పు లేదమ్మా. ఊరి పేరుకే మిలిటరీ అన్న మాట అంటుకున్న మాధవరంలో పుట్టావు. బావగారు సుబేదారుగా దిగిపోయి ఇన్నేళ్లయినా, కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో దాచుకున్న ఆ యూనిఫాం మీ ఇంట్లో దేవుడి పటంతో సమానం. అదే బట్ట కట్టుకున్నవాడిని హంతకుడివని నిలదీయడం నీకు తేలిక కాదు.

ముప్ఫై ఏళ్లు సెషన్స్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున హత్య కేసులు నడిపాను. సైనికుడు ముద్దాయిగా ఒక్కసారీ నా ఎదుటికి రాలేదు. అందుకని నా అనుభవం పక్కనపెట్టి, నేను పదేపదే చదువుకున్న ఒక కేసు గురించి చెబుతాను. అది వియత్నాంలోని మై లాయ్ కేసు.

1968 మార్చి 16 పొద్దున అమెరికన్ సైనికుల కంపెనీ ఒకటి క్వాంగ్ ఙాయ్ రాష్ట్రంలోని సోన్ మీ గ్రామంలో దిగింది. శత్రువులుంటారని చెప్పి పంపారు. అవతలినుంచి ఒక్క తూటా రాలేదు. ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మధ్యాహ్నానికల్లా వందలమందిని చంపేశారు. ఒక కాలువ దగ్గరికి గుంపుగా తోలి, అందులోకి నెట్టి కాల్చారు. వియత్నాం లెక్కలో చనిపోయినవాళ్లు 504 మంది. పైకి వెళ్లిన రిపోర్టులో మాత్రం 128 మంది శత్రువులు హతమయ్యారనీ, 3 ఆయుధాలు దొరికాయనీ రాశారు.

ఆ రెండు అంకెలూ మరోసారి చూడు. నూట ఇరవై ఎనిమిది శవాల దగ్గర మూడే తుపాకులు. ఆ కాగితం ఎందరో అధికారుల బల్లల మీదుగా పోయింది. మిగతావాళ్ల తుపాకులేవని పట్టుబట్టి అడిగినవాడు లేడు. అందుకే ఏడాదికి పైగా లోకానికి తెలియలేదు. నీ చేతికి వచ్చే ఏ ఫైలులోనైనా ముందు ఈ లెక్క వెయ్యి. నోటితో అబద్ధమాడేవాడు కూడా అంకెల దగ్గర దొరికిపోతాడు.

ఈ కేసు బయటికెలా వచ్చిందో తెలుసుకుంటే మీ నాన్నగారికి జవాబు దొరుకుతుంది. ఆ పొద్దున పైన హెలికాప్టర్ నడుపుతున్న హ్యూ థాంప్సన్ కింద జరుగుతున్నది చూశాడు. పారిపోతున్న ఊరివాళ్లకీ తన దేశపు సైనికులకీ మధ్య హెలికాప్టర్ దించాడు. వాళ్లు ఈ జనాన్ని కాలిస్తే మీరు వాళ్లని కాల్చండని తన ఇద్దరు సహచరులు కోల్‌బర్న్, ఆండ్రియోట్టాలకు చెప్పి, తను దిగి వెళ్లి జనాన్ని బయటికి రప్పించాడు. ఆండ్రియోట్టా ఆ కాలువలోకి దిగి, శవాల మధ్య ప్రాణంతో ఉన్న పిల్లవాడిని ఎత్తుకొచ్చాడు. థాంప్సన్ వెళ్లి పైఅధికారులకు ఫిర్యాదు చేశాకే కాల్పులు ఆగాయి.

ఆ మాట పైవాళ్లు తొక్కిపెట్టారు. మళ్లీ పైకి తెచ్చినవాడూ సైనికుడే. రాన్ రైడెన్‌అవర్ అక్కడ లేడు, తోటి సైనికుల నోట విన్నాడు. ఒక్కొక్కరినీ అడిగి పోల్చి చూసుకుని, ఇంటికి చేరాక 1969 మార్చి 29న ఉత్తరం రాసి అధ్యక్షుడికీ అమెరికా కాంగ్రెస్ సభ్యులకీ పంపాడు. ఫొటోలు తీసింది సైన్యం ఫొటోగ్రాఫర్. సాక్ష్యం చెప్పింది అదే కంపెనీలో పనిచేసినవాళ్లు. కేసు నడిపింది ఆబ్రీ డేనియల్ అనే కుర్ర కెప్టెన్. తీర్పు చెప్పిన ఆరుగురూ సైనికాధికారులే, వాళ్లలో ఐదుగురు వియత్నాంలో పనిచేసి వచ్చారు. ఆ యుద్ధం ఎలాంటిదో తెలియని అమాయకులు కారు. పదమూడు రోజులు తర్జనభర్జన పడి, రైడెన్‌అవర్ ఉత్తరానికి సరిగ్గా రెండేళ్లకు, 1971 మార్చి 29న, ఆ కంపెనీకే చెందిన లెఫ్టినెంట్ విలియం కాలీ 22 మందిని హత్య చేశాడని తేల్చారు.

మనవాళ్లు అంటే ఎవరని బావగారిని అడుగు తల్లీ. కాలీయా, థాంప్సనా? ఇద్దరిదీ ఒకే సైన్యం. నువ్వు ప్రాసిక్యూషన్ తరఫున లేచి నిలబడ్డప్పుడు నీ వెనక ఒక థాంప్సన్ ఉంటాడు. అతణ్ణి ఒంటరిని చెయ్యకుండా ఉండటమే నీ ఉద్యోగం.

ముద్దాయి ఏం చెబుతాడో ఇప్పుడే తెలుసుకో. పైవాడి హుకుం అంటాడు. కాలీ కూడా అదే అన్నాడు. సైనికుడి విధేయత మరబొమ్మ విధేయత కాదనీ, మామూలు తెలివి ఉన్న మనిషికి తప్పని తెలిసిపోయే ఆజ్ఞను పాటించి దాని చాటున దాక్కోవడం కుదరదనీ జడ్జి జ్యూరీకి వివరించాడు. మన ఆర్మీ యాక్ట్ 41వ సెక్షన్ తీసి చూడు. ఆజ్ఞ ధిక్కరించడం నేరమంటుంది. ఆ ఆజ్ఞకు ముందు ‘చట్టబద్ధమైన’ అన్న మాట కూడా పెట్టింది. ఆ ఒక్క మాట మీద నిలబడటం నేర్చుకో.

అయితే ముద్దాయిని రాక్షసుడిగా చూడకు. కాలీకి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అంతకుముందు వారాల్లో ఆ కంపెనీ మందుపాతరలకు మనుషులను పోగొట్టుకుంది, చంపినవాడి మొహం ఒక్కసారీ కనపడలేదు. ఆ భయం, ఆ కసి ఎక్కడినుంచి వచ్చాయో నువ్వు అర్థం చేసుకోవాలి. డిఫెన్సు లాయరు అవి చెప్పినప్పుడు తలవంచి వినాలి. చంటిపిల్లను చంపడానికి అవి కారణాలు చెబుతాయి, హక్కు ఇవ్వవు. ఈ తేడా పోగొట్టుకున్న రోజు నువ్వు ప్రాసిక్యూటరువి కావు, పగ తీర్చుకునేదానివి అవుతావు.

జనం మెచ్చుతారని అనుకోకు. తీర్పు రాగానే అమెరికాలో వేలాదిమంది కాలీ వైపే నిలిచారు. అతన్ని పొగిడే పాట రికార్డుగా వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. యావజ్జీవం పడిన మర్నాడే అధ్యక్షుడు నిక్సన్ అతణ్ణి జైల్లోంచి తీసి సొంత నివాసంలో ఉంచమన్నాడు. అప్పుడు డేనియల్ ఉద్యోగంలో ఉండగానే ఆ అధ్యక్షుడికే ఉత్తరం రాశాడు. నిరాయుధులను చంపడం నేరమన్న సంగతిని రాజకీయం కోసం పలచన చేయవద్దని రాశాడు. ఫలితం మారలేదు. శిక్ష ఇరవై ఏళ్లకు, తర్వాత పదేళ్లకు తగ్గింది. 1974లో పెరోల్ వచ్చింది. కంపెనీ కమాండర్ కెప్టెన్ మెడీనా నిర్దోషిగా బయటపడ్డాడు. అంత హత్యాకాండకూ శిక్ష పడింది ఒక్కడికే. మెట్టు మెట్టూ ఎక్కి పైదాకా వెళ్లకపోతే కేసు ఎలా ముగుస్తుందో అది చెబుతుంది. సాక్షులు సైన్యం వదిలి ఇళ్లకు పోకముందే, కాగితాలు మాయం కాకముందే పైకి వెళ్లు.

ఇంకొక్కటి. కాలీ మీది ఆరోపణ పత్రంలో చనిపోయినవాళ్ల పేర్లు లేవు. ఇంతమందికి తగ్గని ప్రాచ్య మానవులు అని మాత్రమే రాశారు. చచ్చిపోయిన పసివాడికి తల్లి పెట్టిన పేరు కోర్టులో వినపడలేదు. ఇప్పుడు సోన్ మీ స్మారకంలో 504 పేర్లూ చెక్కి ఉన్నాయి. ఎప్పటికైనా నీ బల్ల మీదికి అలాంటి ఫైలు వస్తే, ముద్దాయి హోదా చదవకముందే చనిపోయినవాళ్ల పేర్లు, వయసులు ఒక తెల్లకాగితం మీద నీ చేత్తో రాసుకో. ఊరికి వెళ్లి అడిగైనా రాసుకో. నేను నడిపిన ప్రతి హత్య కేసులోనూ ఆ పని చేశాను. వాదన తడబడ్డప్పుడల్లా ఆ కాగితమే నన్ను నిలబెట్టింది.

చెన్నై రైలెక్కే ముందు ఓ సాయంత్రం అరుగు మీద మీ నాన్నగారి పక్కన కూర్చో. ఎక్కడెక్కడ కాల్పులు జరిపారని అడగకు. తుపాకీ చేతిలో ఉండీ, భయం గుండెల్లో ఉండీ, ఎదుట ఉన్నది ఊరివాళ్లని కాల్చకుండా ఆగిన రోజు ఏదైనా ఉందా అని అడుగు. అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఉండే ఉంటుంది. ఎవరూ మెడల్ ఇవ్వలేదు కాబట్టి చెప్పి ఉండరు. ఆయన చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకుండా విను. అంతా అయ్యాక, ఆ రోజున ఆగిన మీ తరఫునే నేను కేసు నడుపుతాను నాన్నగారూ అని చెప్పు.

మీ అత్తయ్య ఆశీస్సులు. చేరగానే రెండు ముక్కలు రాయి.

నీ మామయ్య