మొదటి ఇ.సి.జి. బాగుంటే గుండెపోటు లేనట్టేనా?



ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి 10 నిమిషాలలోపు ఇ.సి.జి. తీసి, డాక్టరు చూడాలి. కాని ఆ గీతలు చదవడం అంత తేలిక కాదు. 2020లో ఒక అమెరికా వైద్య పత్రిక ఈ విషయమై జరిగిన 78 అధ్యయనాలను కలిపి ప్రచురించింది. ఇ.సి.జి.లు చదివే పరీక్షలలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లు సుమారు 69 శాతం, గుండె నిపుణులు సుమారు 75 శాతం సరిగా చెప్పగలిగారు.

ఉదాహరణకు, గుండె వెనుక గోడకు వచ్చే పోటు మామూలు 12 లీడ్లలో సూటిగా కనబడదు. వి1 నుండి వి3 వరకు ఎస్.టి. భాగం కిందికి దిగడమే దాని జాడ కావచ్చు. అప్పుడు వీపు మీద వి7, వి8, వి9 లీడ్లు పెట్టి చూడాలి. పోటు మొదలైన కొత్తలో ఇ.సి.జి. నార్మల్‌గా కూడా ఉండవచ్చు. అందుకే నొప్పి తగ్గకపోతే 15–30 నిమిషాలకొకసారి మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు.

మీరు చేయవలసినవి:

1. నొప్పి వస్తే గ్యాస్ అనుకొని ఇంట్లో ఉండిపోకండి.
2. పాత ఇ.సి.జి. వెంట తీసుకురండి. పోల్చి చూస్తే కొత్త మార్పు తెలుస్తుంది. ఆ కాగితం మీది గీతలు కాలక్రమంలో వెలిసిపోతాయి గనుక జిరాక్స్ తీసి దాచుకోండి.
3. నొప్పి మళ్ళీ వస్తే వెంటనే నర్సుకు చెప్పండి.

మళ్ళీ చూడమని అడగడం డాక్టరును అనుమానించడం కాదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని కాపాడుకోవడంలో అది మన వంతు.