చేసింది తక్కువ, చూసుకున్నది ఎక్కువ

హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో లేత్, మిల్లింగ్ మిషన్ల మధ్య నా ఉద్యోగం గడిచింది. రిటైరయ్యాక ఇంటి దగ్గరున్న మేకర్‌స్పేస్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. నలుగురూ చందా కట్టి పెట్టుకున్న వర్క్‌షాప్ అది. రెండు త్రీడీ ప్రింటర్లు, ఒక లేజర్ కట్టర్, ఒక పాత లేత్, వడ్రంగి బల్ల, సోల్డరింగ్‌కి ఓ మూల, అంతే. అక్కడి పిల్లలు నన్ను ఉస్తాద్ అంటారు. ఉస్తాద్ అంటే ఏదడిగినా చేసిపెట్టేవాడని కొత్తగా వచ్చినవాళ్ల లెక్క. నిజానికి అక్కడ నేను చేసిన వస్తువులు తక్కువ. పదును పెట్టినవి, నూనె వేసినవి, వద్దని ఆపినవి ఎక్కువ. మా కాలనీలోనూ ఇలాంటిది పెట్టుకుందామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి అని అడిగేవాళ్లుంటారు. వాళ్ల కోసం ఈ మాటలు.

1. వస్తువు ఎలా ఉండాలో తర్వాత, ఎక్కడ పనిచేస్తుందో ముందు అడగండి.

పిండివంటలు చేసి అమ్ముకునే డ్వాక్రా సంఘం ఆవిడ ఒకసారి జంతికల గొట్టం పట్టుకొచ్చింది. లోపలి బిళ్లకున్న నక్షత్రం కన్నాలు అరిగిపోయి, జంతికలు ముళ్లు లేకుండా నున్నగా దిగుతున్నాయి. అలాంటి బిళ్ల ఇంకోటి కావాలి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఉత్సాహంగా కంప్యూటర్ ముందు కూర్చుని నిమిషాల్లో బిళ్ల గీసేశాడు. ప్రింటర్ వేడెక్కుతోంది. ఆవిడ ఆ తెల్ల ప్లాస్టిక్ తీగను వేళ్లతో నలిపి చూసి, "బాబూ, నేను కాగే నూనె మీద పట్టుకుని తిప్పుతాను. ఇది మెత్తబడదా?" అంది.

మెత్తబడుతుంది. ఆ తీగ పీఎల్ఏ, 60 డిగ్రీల దగ్గరే వంగడం మొదలుపెడుతుంది. పైగా ప్రింటర్ వస్తువును పొరలు పొరలుగా పేరుస్తుంది. ఆ పొరల సందుల్లో పిండి ఇరుక్కుంటే ఎంత కడిగినా పోదు. ప్రింటర్ ఆపించి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు తీశాం. గుండ్రంగా కోసి, సన్న డ్రిల్లుతో కన్నాలు వేసి, సూది ఆకురాయితో ఒక్కో కన్నానికీ ముళ్లు తీయమని ఆ కుర్రాడికే ఇచ్చాను. మొదటి కన్నంలో ఐదు ముళ్లూ ఐదు రకాలుగా వచ్చాయి. మూడో కన్నానికి చెయ్యి కుదిరింది. మర్నాడు ఆవిడ కలిపిన పిండి గిన్నెతో సహా వచ్చింది. గొట్టంలో పిండి కూరి, మా బల్ల మీదే పళ్లెంలోకి నొక్కి చూసింది. "అన్నయ్యా, ఈ కన్నంలోంచి పిండి ఎక్కువ దిగుతోంది" అని వేలు పెట్టి చూపించింది. వెర్నియర్ పెట్టి కొలిస్తే నిజంగానే అది మిగతావాటికంటే పెద్దది, కుర్రాడు మొదట రుద్దిన కన్నమే. మళ్లీ ఇంకో బిళ్ల చేశాం. ఆ పూట మాకు ఇన్‌స్పెక్టర్ ఆవిడే.

2. బజార్లో దొరికే దాన్ని ముద్రించకండి.

మిక్సీ కప్లర్ విరిగిందని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. స్పేర్ల దుకాణంలో చవగ్గా దొరుకుతుందది. జార్ బిగుసుకుపోతే మోటారు కాలకుండా ముందు తాను తెగిపోవాలనే దాన్ని అలా మెత్తగా చేస్తారు. దాన్ని గట్టి ప్లాస్టిక్‌తో ముద్రించి బిగిస్తే కప్లర్ మిగులుతుంది, మోటారు పోతుంది. రాణిగంజ్‌లో బేరింగులు, బోల్టులు, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరుకుతాయని చెప్పి పంపడం కూడా మా పనిలో భాగమే. కంపెనీ మూతపడిన పాత కుట్టుమిషన్ గుబ్బ, ఎక్కడా దొరకని క్లిప్పు, ఒక మనిషి చేతికి మాత్రమే సరిపోయే పిడి, ఇవి ప్రింటర్‌కి తగిన పనులు.

3. కొలవడం రాని చోట ఏ మిషనూ పనికిరాదు.

8 మిల్లీమీటర్ల కడ్డీకి 8 మిల్లీమీటర్ల కన్నం గీసి ముద్రిస్తే కడ్డీ దూరదు. ప్లాస్టిక్ చల్లారి ముడుచుకుంటుంది, కన్నం గీసినదానికంటే చిన్నదిగా వస్తుంది. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు వదలాలి. అదీ మీ ప్రింటర్‌కి ఎంతో ముందు చిన్న ముక్క ముద్రించి తేల్చుకోవాలి. వానాకాలంలో ఇంకో తలనొప్పి. ఆ ప్లాస్టిక్ తీగ, అంటే ఫిలమెంట్, గాల్లో తేమ పీల్చి, నాజిల్ దగ్గర చిటపటలాడుతుంది, వస్తువు నిండా జుట్టులాంటి పోగులు వస్తాయి. రీళ్లను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఇంత చిన్న జాగ్రత్త ఎవరూ పాటించరు.

4. వద్దని చెప్పడమే అసలు ఉద్యోగం.

లేజర్ కట్టర్ దగ్గరికి ఎక్కువగా వచ్చేది రెక్సిన్. పర్సులకు, బ్యాగులకు కోసిపెట్టమంటారు. రెక్సిన్ మీద పూత సాధారణంగా పీవీసీయే. లేజర్ తగలగానే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. అది ఊపిరితిత్తులనూ వదలదు, మిషన్ పట్టాలనూ అద్దాలనూ వదలదు. నాలుగు రోజుల్లో పట్టాల మీద తుప్పు తేలుతుంది. ఏ ప్లాస్టిక్కో తెలియకపోతే రాగి తీగ పరీక్ష ఉంది. తీగను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్‌కి తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. ఆ ముక్క లేజర్ కిందికి వెళ్లకూడదు. ఈ పరీక్ష గాలి బాగా ఆడే చోట, చిన్న ముక్కతో చేయాలి. నేను మాటలతో వాదించడం మానేసి, వచ్చినవాళ్ల ముందే తీగ కాలుస్తాను. ఆ ఆకుపచ్చ మంట చూశాక ఎవరూ ఎదురు చెప్పరు.

యాక్రిలిక్ లేజర్‌కి మంచిదే, కానీ అంటుకుంటుంది. కోత నడుస్తుండగా టీకి వెళ్లేవాణ్ణి వెనక్కి పిలుస్తాను, కోపం వచ్చినా సరే. లేత్ దగ్గర చేతి తొడుగులు, చున్నీ, ఉంగరం, విరబోసిన జుట్టు నిషేధం. తొడుగులు వేసుకుంటే క్షేమం అనుకుంటారు. తిరిగే చక్ తొడుగు కొసను పట్టుకుంటే చెయ్యి మొత్తాన్నీ లాక్కుంటుంది. చక్ కీ చేతిలోంచి వదలాలంటే ముందు అది చక్‌లోంచి బయటికి రావాలి. ఇది బాలానగర్‌లో నా ఉస్తాద్ నాకు మొదటి రోజు చెప్పింది, నేను వీళ్లకు మొదటి రోజు చెప్పేదీ ఇదే.

5. అందరి ఉలికీ ఒక పేరుండాలి.

సొంత ఉలితో రంగు డబ్బా మూత తీసే వడ్రంగి ఉండడు. అందరి ఉలితో అందరూ తీస్తారు. మొదట్లో నోటీసులు అంటించారు, ఎవరూ చదవలేదు. తర్వాత గోడ మీద ప్లైవుడ్ చెక్క కొట్టి, ప్రతి పనిముట్టు ఆకారాన్నీ నల్ల రంగుతో గీశాం. పానా లేకపోతే పానా ఆకారం ఖాళీగా కనిపిస్తుంది. వెతుకులాట తగ్గింది. ఒక్కో మిషన్‌కి ఒక్కో మనిషి పేరు రాశాం. అందరి పనీ అతనే చేయక్కర్లేదు. ఆ మిషన్ పాడైతే ఎవర్ని అడగాలో తెలుస్తుంది, అంతే. మూసే ముందు అరగంట అందరూ చీపురు పట్టాలి. ఇందులో ఉద్యోగ హోదా, వయసు చూడం. అమెరికా నుంచి వచ్చిన మేనేజర్ ఒకాయన తుడవడానికి నామోషీ పడ్డాడు. ఆయన మళ్లీ రాలేదు, మేమూ పిలవలేదు.

6. పాడైనా పరవాలేదు, తాళం వేయకండి.

నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి నడుస్తున్నాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. బాగా నడిచే బళ్లు చూశాను. ప్రింటర్‌కి ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా, తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి దాచిన బడీ చూశాను. విరిగిన డ్రిల్ బిట్లు చూస్తే నాకు బాధ లేదు. కొత్త బిట్లు కొత్తగానే ఉంటే బాధ.

7. పక్కవాడి పని కనబడేలా బల్లలు వేయండి.

చింతకింది మల్లేశం కథ మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి చీరలకు ఆసు పోయడంలో, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, తల్లి లక్ష్మి చెయ్యి రోజంతా వేలసార్లు అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే, ఆ పనికి యంత్రం కట్టాలని ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. 1999లో అది పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. చివర్లో చిక్కుముడి వీడింది బాలానగర్‌లోని ఒక వర్క్‌షాప్‌లో, వేరే పని చేసే మిషన్ కదలిక చూసినప్పుడు. బాలానగర్ వాణ్ణి కాబట్టి ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వం, క్షమించండి. అందుకే మా దగ్గర గదులకు అడ్డుగోడలు పెట్టనివ్వలేదు. సోల్డరింగ్ చేసే అమ్మాయికి చెక్క పని కనబడాలి.

మల్లేశంలా అవసరం నుంచి నేర్చుకునే పద్ధతి ల్యాబుల్లోనూ ఉంది. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలాగో నేర్పే కోర్సు మొదలుపెట్టాడు. ఫ్యాబ్ ల్యాబులనే ఇలాంటి వర్క్‌షాపులు దాన్నుంచే పుట్టాయి. అలాంటి ల్యాబు మన దేశంలో తొలినాళ్లలోనే, 2002లో, వచ్చింది పుణె దగ్గరి పాబల్ అనే పల్లెకు, విజ్ఞాన ఆశ్రమానికి. అక్కడ పల్లె అవసరాలే సిలబస్.

8. చందాలో లేజర్ ట్యూబు ఖర్చు కూడా కలపండి.

2006లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో టెక్‌షాప్ అనే సంస్థ నెలచందా మీద ఇలాంటి పెద్ద వర్క్‌షాపు తెరిచింది. అమెరికా నిండా శాఖలు పెట్టింది. 2017 నవంబరులో ఉన్నట్టుండి అన్నీ మూసేసి దివాలాకు వెళ్లింది. రాయదుర్గంలో 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్ కూడా ఇలాంటి వర్క్‌షాపే. అది 78,000 చదరపు అడుగుల్లో ఉంది, దాని వెనక ప్రభుత్వం ఉంది. మన వెనక ఎవరూ లేరు. మిషన్ కొనడానికి దాతలు దొరుకుతారు, ఫలకం మీద పేరు పడుతుంది కదా. అరిగిపోయే సామానుకు దొరకరు. లేజర్ ట్యూబు వాడేకొద్దీ బలం తగ్గి ఒకరోజు ఆగిపోతుంది. ఆ రోజు కొత్త ట్యూబుకు డబ్బు ఉండాలంటే మొదటి నెల నుంచే పక్కన పెట్టాలి.

9. కొనుగోళ్ల వరుస.

మొదట మంచి వెంటిలేషన్, ఎర్తింగ్ సరిగా ఉన్న వైరింగ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. తర్వాత నేలకు బిగించిన బరువైన బల్ల, దాని మీద బెంచ్ వైస్. ఆ తర్వాత వెర్నియర్, మల్టీమీటర్, ఆకురాళ్లు, పానాల సెట్టు, సోల్డరింగ్ ఐరన్లు, పదును రాయి. ఆడపిల్లలు సాయంత్రం రావాలంటే శుభ్రమైన బాత్‌రూమ్, గుమ్మం దగ్గర లైటు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే నాకు ఫోన్ చేయండి, అప్పుడు ప్రింటర్ సంగతి మాట్లాడుకుందాం.