బజ్జీలు చెడేది నీళ్ల దగ్గరే

మొన్న మా మనవరాలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, నా బజ్జీలు మెత్తబడిపోతున్నాయి. పిండిలో నువ్వేం కలుపుతావు?" అని. కలిపేదాంట్లో రహస్యమేమీ లేదు. బజ్జీ చెడేది నీళ్ల దగ్గరే. 40 ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డాక తెలిసిన సంగతులివి.

1. కాయ పొడిగా ఉండాలి. కడిగాక గుడ్డతో తుడవండి. తడి కాయకు పిండి పట్టదు, పైగా నూనె చిందుతుంది. ముక్కలకు ముందుగా ఉప్పు రాయొద్దు, నీరూరుతుంది.

2. గాటు పెట్టని మిరపకాయను నూనెలో వేయొద్దు. లోపలి ఆవిరికి దారి లేక పేలుతుంది. ఇంటికి చుట్టాలొచ్చిన హడావిడిలో నేనోసారి రెండు కాయలు అలాగే వేసేశాను. ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు కాలినచోట ఇంకు పూశారు. అది తప్పు. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి.
గాటు పెట్టాక లోపలి తెల్లటి ఈనె తీసేయండి. ఘాటు ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ ఖాళీలో చింతపండు గుజ్జు, వాము, ఉప్పు కలిపిన ముద్ద పూయండి. గుజ్జు గట్టిగా ఉండాలి, పలచనైతే నూనెలోకి కారుతుంది.

3. కప్పు శనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి, నలిపిన వాము, ఉప్పు, కారం. నీళ్లు ఒక్కసారే కుమ్మరించొద్దు. ముందు గట్టిగా కలిపి ఉండలు చిదిమి, తర్వాత కొద్దికొద్దిగా జారు చేసుకోండి. ముంచి ఎత్తితే కాయ రంగు కనబడకూడదు, పిండి ముద్దగా వేలాడకూడదు. వంటసోడా చిటికెడే. ఎక్కువైతే బజ్జీ నూనె తాగేస్తుంది.

4. అరటికాయ, వంకాయ, ఆలుగడ్డ చక్రాలు పలచగా ఉండాలి. మందమైతే పైన ఎర్రబడ్డా లోపల పచ్చిగానే ఉంటాయి.

5. నూనె చప్పుడు వినండి. పిండి చుక్క వేస్తే అడుగుకు పోయి వెంటనే తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె కాగలేదు, వేయగానే నల్లబడితే మరీ కాగింది. బజ్జీ చుట్టూ లేచే బుడగలు నూనెవి కావు, పిండిలోని నీరు ఆవిరై పోతోంది. ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడదు. బుడగలు తగ్గి చప్పుడు సన్నగిల్లిందంటే వేగినట్టే. మూకుడు నిండా వేస్తే నూనె చల్లారి ఆ వాయంతా పాడవుతుంది. నాలుగైదు చాలు. వాయికీ వాయికీ మధ్య పిండి పలుకులు తీసేయండి, మాడితే చేదొస్తాయి.

6. మనవరాలి పొరపాటు ఇక్కడే. వేడి బజ్జీలు డబ్బాలో వేసి మూత పెట్టేస్తోంది. ఆవిరి మళ్లీ నీరై వాటి మీదే పడుతుంది. జల్లెడలో విడివిడిగా పరవమన్నాను.

7. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై మంటను ఎగజిమ్ముతాయి. స్టవ్ ఆపేసి మూత పెట్టాలి, మూకుడు కదపకూడదు. సరిపోయే మూత పక్కన పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించండి.