పట్టు: అలాన్ పేజ్ కథ

పిల్లలూ, ఫుట్‌బాల్ అనగానే మీకు మన అబూ హలీఫా బీచ్ దగ్గర కాలితో తన్నే ఆటే గుర్తొస్తుంది కదా. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే వేరు. అక్కడ బంతి కోలగా ఉంటుంది, ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది.

ఒక్కో జట్టులో 11 మంది మైదానంలో దిగుతారు. బంతి ఉన్న జట్టుకు ఎదురుగా, ముందు వరుసలో ఉండే వాళ్ళని డిఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. కబడ్డీ గుర్తు తెచ్చుకోండి. కూతకు వచ్చినవాణ్ణి వెనక్కి పోనివ్వకుండా పట్టేస్తారు. వీళ్ళ పనీ పట్టుకోవడమే! కాకపోతే ముందు, అడ్డంగా నిలబడ్డ భారీ మనుషుల్ని తోసుకుంటూ అవతలికి పోవాలి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని అది విసరకముందే పడేస్తే దాన్ని ‘శాక్’ అంటారు.

అలాన్ పేజ్ 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. 1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరారు. 1971లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా ఆయన్ని ఎంచారు. అంతకుముందు ఆ గౌరవం డిఫెన్స్ ఆడేవాళ్ళకి ఒక్కసారి కూడా దక్కలేదు. పట్టేవాళ్ళని ఎవరు చూస్తారు చెప్పండి, అందరి కళ్ళూ బంతి మీదే! ఆయన ఉండగా వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ ఆడింది. నాలుగుసార్లూ ఓడిపోయింది.

నాకు నచ్చింది మాత్రం తర్వాతి సంగతి. ఆయనకి చిన్నప్పటినుంచీ లాయర్ కావాలని ఉండేది. ఒకపక్క ఆడుతూనే కాలేజీలో న్యాయశాస్త్రం చదివి, 1978లో పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లోనే పరుగు మీద ఇష్టం పెరిగి బాగా సన్నబడ్డారు. లైన్‌మన్‌కి ఈ బరువు చాలదని కోచ్ అన్నారు. పరుగు మానలేదు. అదే ఏడాది జట్టు ఆయన్ని వదిలేసింది. షికాగో బేర్స్ తీసుకుంది, 1981 దాకా వాళ్ళకి ఆడారు. ఆ మధ్యలో, 1979లో, మారథాన్ కూడా పూర్తి చేశారు.

1993లో మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ కోర్టులో కూర్చున్న మొదటి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే. 2015 వరకు చేశారు. ఆటలో దెబ్బ తగిలి ఆయన చిటికెనవేలు పక్కకి వంగిపోయింది. దాని మీద కూతురితో కలిసి పిల్లల పుస్తకం రాశారు!

మాట తెలుసుకుందాం: ‘పట్టు’

బంతి పట్టుకున్నాడు. పట్టుదల ఉంది. నిద్ర పట్టలేదు. ఫహాహీల్ వెళ్ళడానికి పావుగంట పట్టింది. ఈ చివరిది జాగ్రత్త: చాలామంది ‘పావుగంట తీసుకుంది’ అంటున్నారు. తెలుగులో సమయం ‘పడుతుంది’, ఎవరూ తీసుకోరు. పైన ‘పట్టా’ అని కూడా చదివారు, అది వేరే మాట, దీనికి చుట్టం కాదు.

మీ పని

1. ‘పట్టు’తో మూడు వాక్యాలు రాయండి. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి ఇంకో రెండు అడిగి కలపండి.
2. పరుగు మానేస్తే జట్టులో చోటు ఉండేదేమో. మీరైతే ఏం చేసేవారు? ఎందుకు? నాలుగు వాక్యాల్లో చెప్పండి.