నలుపు తెలుపు ఫోటోలలో నగర జీవితం

నగరం అనగానే మనకు ఎత్తయిన మేడలు, వెడల్పయిన రోడ్లు గుర్తుకొస్తాయి. తెల్లవారకముందే ఆ రోడ్లు ఊడ్చేవారు, ఆ మేడలు తుడిచేవారు ఎందరికి గుర్తుకొస్తారు? అలాంటివారి జీవితాన్ని నలుపు తెలుపు ఫోటోలలో ప్రపంచానికి చూపిన గొప్ప ఫోటోగ్రాఫర్ గార్డన్ పార్క్స్.

ఆయన 1912లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. 15 మంది సంతానంలో చివరివారు. హైస్కూలు చదువు కూడా పూర్తికాలేదు. హోటళ్లలో, రైళ్లలో పనిచేశారు. తాకట్టు కొట్టులో పాత కెమెరా కొనుక్కొని, సొంతంగా ఫోటోలు తీయడం నేర్చుకున్నారు.

1942లో ఫెలోషిప్ పొంది వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ఫోటో విభాగంలో చేరారు. అధికారి రాయ్ స్ట్రైకర్ ఆయన కెమెరాను పక్కన పెట్టించి, ముందు నగరం చూసి రమ్మన్నారు. హోటల్లో, సినిమాహాల్లో నల్లవాడని రానివ్వలేదు. కోపంతో తిరిగొచ్చిన పార్క్స్‌తో, ఈ ఆఫీసులోనే నేల తుడిచే ఆమెతో మాట్లాడి చూడమన్నారు స్ట్రైకర్.

ఆమె పేరు ఎల్లా వాట్సన్. ఏడాదికి 1,080 డాలర్ల జీతంతో మనవలను సాకుతున్నారు. పార్క్స్ ముందు ఆమె కథంతా విన్నారు. తర్వాత జాతీయ జెండా ముందు, చేతిలో చీపురుతో ఆమెను నిలబెట్టి ఫోటో తీశారు. అంతటితో ఆగక ఆమె ఇంటికి, చర్చికి, వీధిలోని కిరాణా కొట్టుకు కూడా వెళ్లి ఎన్నో ఫోటోలు తీశారు.

ఆ ఫోటోను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. అందులో ఎవరినీ నిందించలేదు. అందరూ సమానమని చాటే జెండాకూ, ఆమె బతుకుకూ మధ్య దూరం చూసేవారికే అర్థమవుతుంది. రంగులు లేనందువల్ల మన చూపు ముఖం మీద, చేతుల మీద నిలుస్తుంది. ఆమె దీనంగా చేయి చాచలేదు. నిటారుగా నిలబడ్డారు.

పార్క్స్ 1948లో 'లైఫ్' పత్రికలో తొలి నల్లజాతి ఉద్యోగ ఫోటోగ్రాఫర్ అయ్యారు. 2006లో మరణించారు.

మిత్రులారా! నేడు ఫోన్‌లోనే నలుపు తెలుపు ఫోటో తీయవచ్చు. అయితే ఇవి గుర్తుంచుకోవాలి:

1. ముందు మనిషితో మాట్లాడాలి, తర్వాతే కెమెరా తీయాలి.
2. వెలుగు ఎటునుంచి పడుతుందో చూడాలి. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో నీడలు చక్కగా కనిపిస్తాయి.
3. పేదరికాన్ని మాత్రమే కాదు, మనిషి గౌరవాన్ని చూపాలి.

మన తల్లిదండ్రుల శ్రమ కూడా అలాంటి ఫోటోకు తగినదే. దాన్ని మనం తీయకపోతే ఎవరు తీస్తారు?