లెక్క చెప్పనిది మాట చెబుతుంది



మీ ఇంటికి ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని వచ్చే ఉంటారు. "ఇంట్లో ఎంతమంది? మరుగుదొడ్డి ఉందా?" అని అడిగి రాసుకుని ఉంటారు. దాన్ని సర్వే అంటారు. సర్వే లెక్క చెబుతుంది. లెక్క అవసరమే. కానీ లెక్క అన్నీ చెప్పదు.

నా సంగతే చెబుతాను. ఒకసారి ఇంటింటికీ తిరిగి "మరుగుదొడ్డి వాడుతున్నారు కదా?" అని అడిగాను. అందరూ "ఆ, వాడుతున్నాం టీచరమ్మా" అన్నారు. కాగితం నిండా టిక్కులు పెట్టాను. ఒక ఇంట్లో పెరట్లోకి వెళ్లి చూస్తే దొడ్డి నిండా పిడకలే! "ఏందక్కా ఇది?" అన్నాను. ఆమె నవ్వింది. "నీళ్లు బోరింగు కాడి నుంచి మొయ్యాలి. ఇంటిల్లిపాదికీ నేనే మొయ్యాలి. ఎక్కడ కుదురుద్ది?" అంది.

తప్పు ఆమెది కాదు. నా ప్రశ్నది. "కదా?" అని అడిగితే ఎవరైనా "అవును" అనే అంటారు.

ఎంతమంది అన్నది లెక్క చెబుతుంది. ఎందుకు అన్నది మనిషే చెప్పాలి. అది తెలుసుకునే పద్ధతిని గుణాత్మక పరిశోధన అంటారు. పేరు పెద్దది. పని మనకు తెలిసిందే. అడగడం, వినడం, చూడడం, రాయడం.

గడ్చిరోలిలో ఏం జరిగింది?

ప్రాణహిత నదికి ఇవతల తెలంగాణ. అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. డాక్టర్ రాణి బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ భార్యాభర్తలు. 1986 నుంచి అక్కడ పనిచేస్తున్నారు. వాళ్లు 2 ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేశారు. 100 మందిలో 92 మందికి ఏదో ఒక ఆడవాళ్ల జబ్బు ఉంది. అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు 100కి 8 మందే! ఈ సంగతి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అన్నాళ్లూ ఆ బాధ ఎవరికీ కనబడలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

ఇంకో సంగతి. అక్కడి గోండులకు ఆసుపత్రి అంటే భయం. ఎందుకని వాళ్లనే అడిగారు. తెల్లబట్టల డాక్టర్లను చూస్తే భయమన్నారు. తెల్లగుడ్డ శవానికి కదా కప్పేది అన్నారు. రోగి దగ్గర అయినవాళ్లను ఉండనివ్వరని బాధపడ్డారు. అందుకే 1990లలో వాళ్ల గూడెంలాగే గుడిసెలతో ఆసుపత్రి కట్టారు. వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. విన్నారు కాబట్టి ఆసుపత్రి మారింది.

ఎలా తెలుసుకోవాలి?

1. ఒక్కరితో మాట్లాడాలి. ముట్టు, కాన్పు వంటి గుట్టు మాటలు నలుగురిలో అడగకూడదు.

2. గుంపుగా మాట్లాడాలి. 6 నుంచి 10 మంది చాలు. అత్తల ముందు కోడళ్లు నోరు విప్పరు. వాళ్లను వేరుగా కూర్చోబెట్టాలి.

3. కళ్లతో చూడాలి. నేను పిడకలు చూసినట్టు.

4. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించాలి. బోరింగు ఎక్కడ, మురుగు ఎక్కడ, ఆసుపత్రి ఎంత దూరం, అన్నీ బయటపడతాయి.

అడిగేటప్పుడు

వాళ్ల మాటల్లోనే అడగాలి. "శ్వేత ప్రదరం ఉందా?" అంటే ఎవరికి తెలుస్తుంది? "తెల్లబట్ట అవుతోందా?" అంటే తెలుస్తుంది.

"ఆసుపత్రికి వెళ్తారు కదా?" అనొద్దు. "పోయినసారి జ్వరమొచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడగాలి. చెప్పింది చెప్పినట్టే రాయాలి. మధ్యలో నీతులు చెప్పకూడదు. చివరికి తెలిసింది ఊరివాళ్లకు మళ్లీ చెప్పాలి. తప్పుంటే వాళ్లే సరిచేస్తారు.

మరిచిపోవద్దు

మిమ్మల్ని ఎవరైనా అడగడానికి వస్తే, ఎందుకని ముందు మీరే అడగండి. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. మీ పేరు బయటపెట్టకూడదు. వేలిముద్ర వేసినా, సంతకం చేసినా, ముందు చదివించుకోండి. ఇప్పుడు మీకు చదువొచ్చు. మీరే చదువుకోండి!

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోని జబ్బులు ఏమిటి? ఎందుకు చెప్పుకోరు?

2. "పిల్లలకు టీకాలు వేయించారు కదా?" ఈ ప్రశ్నను మార్చి రాయండి.

3. ఈ వారం ఒక ముసలమ్మ దగ్గర కూర్చోండి. ఆమె కాన్పుల కథ వినండి. ఆమె ఒప్పుకుంటే, ఆమె మాటల్లోనే 5 వాక్యాలు రాయండి.